పెద్దయిన నాకొక ఇన్‌లాండ్ ఉత్తరం

ఎల్బీనగర్‌లో మెట్రో దిగి, ఊళ్ళ బస్సుల కోసం నిలబడ్డ జనాన్ని తప్పించుకుంటూ రోడ్డు దాటితే, ఒక మందుల దుకాణం పైన రెండో అంతస్తులో శనివారాలు బొమ్మలు వేయడం నేర్పుతారు. లిఫ్టు లేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఎక్కుతాను. నేర్పే అమ్మాయి నా చిన్న కూతురి కంటే చిన్నది. జుట్టు ముడిలో బ్రష్షు గుచ్చుకుని తిరుగుతుంది. మొన్న శనివారం అందరికీ తలొక తెల్ల కాగితం పంచింది.

"ఇయ్యాల ఎవ్వరూ బ్రష్ ముట్టుకోవద్దు," అంది. "వచ్చే ఏడాది మీరు ఎట్లుంటరో, ఆ మీకు ఒక లెటర్ రాయండి. ఇప్పుడు ఏమొచ్చు, ఏం రాదు, అప్పటికి ఏం గీయాలె, అన్నీ. కవర్ల పెట్టి నాకియ్యండి. నేను దాచి పెట్టి వచ్చే ఏడు మీకే ఇస్తా."

అందరికీ హుషారు వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. ఎండలో పడి వచ్చింది గీయడానికి, రాయడానికి కాదు. పక్కన కూర్చున్న పెద్దమనిషి అప్పుడే అరపేజీ నింపేశాడు. నా కాగితం మీద "ప్రియమైన" అన్న ముక్క తప్ప ఏమీ పడలేదు. ఆ మాట దగ్గరే చెయ్యి ఆగిపోయింది. ఎందుకంటే ఇలాంటి ఉత్తరం చిన్నప్పుడు ఒకసారి రాశాను. దానికే నేను ఇంతవరకూ జవాబు చెప్పలేకపోయాను.

అప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. ఇప్పుడు కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్న చోట అప్పుడు బండలు, తుమ్మచెట్లు, వాటి మధ్య అక్కడొక ఇల్లు, ఇక్కడొక ఇల్లు. మా ఇల్లు పొడుగ్గా రెండు వాటాలుగా ఉండేది. ముందు వాటాలో అమ్మ, నాయిన, నాయినమ్మ, నేను. వెనక వాటాలో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక జంట. ఆయనకు సర్కారు ఆఫీసులో ఉద్యోగం. ఆమెను పిన్నిగారూ అని పిలవమని ఆమే చెప్పింది. మా ఇంట్లో చిన్నమ్మ అంటాం. "పిన్నిగారు" అన్న మాట నా నోట్లో కొత్త చెప్పులా కరిచేది. నాయినమ్మకు ఆ ఇబ్బంది లేదు. ఆమె ముఖం మీదే "ఆంధ్ర పిల్లా" అని పిలిచేది.

వాకిట్లో చేదబావి రెండు ఇళ్ళకూ ఉమ్మడి. ఎండలు ముదరబోయే రోజుల్లో పొద్దున్నే తూర్పుగాలి వీస్తే ద్రాక్షపళ్ళ వాసన వచ్చేది. ఎల్బీనగర్ దిక్కంతా ద్రాక్షతోటలే. కంచె కింద దూరి గుత్తులు తెంపుకొచ్చి లంగాలో దాచుకుంటే, ఆ మరకలు ఉతికినా పోయేవి కావు. అమ్మ వీపు మీద రెండు వేసేది. నాయినమ్మ మాత్రం, "గా పుల్లటియి తెచ్చినవేందే? తీయటియి దొరకలేదా?" అని అడిగేది.

నాయిన బస్సు డ్రైవరు. సూర్యాపేట దాకా పోయి వచ్చేవాడు. ఖాకీ చొక్కాలో డీజిలు వాసనా, దారిలో కొన్న జామపళ్ళ వాసనా కలిసి ఉండేవి. నేను పాత క్యాలెండర్ల వెనక వైపు బొమ్మలు గీసేదాన్ని. మా వీధిలో అందరూ బాగున్నాయి అనేవాళ్ళు. నాకు తెలుసు బాగుండవని. నా బొమ్మల్లో మనుషులకు చేతులుండేవి కావు. అంటే ఉండేవి, కనపడేవి కావు. అమ్మను గీస్తే చేతులు పిండి గిన్నెలో మునిగి ఉండేవి. నాయినమ్మను గీస్తే కొంగు కింద. వెనక వాటా బాబాయిగారిని గీస్తే వెనక్కి కట్టుకుని. మణికట్టు దాకా బాగానే వచ్చేది. అక్కడి నుంచి ఐదు వేళ్ళు మొదలయ్యేసరికి పెన్సిలు బెదిరిపోయేది. ఎంత గీసినా అరటి హస్తమో, గోరుచిక్కుళ్ళ కట్టో వచ్చేది.

ఒకరోజు నాయిన డ్యూటీ దిగి వస్తే, ఆయన బస్సు నడుపుతున్న బొమ్మ చూపించాను. రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి.

నాయిన చాలాసేపు చూశాడు. "మంచిగున్నది బిడ్డా. గని డ్రైవర్ చేతులు జేబుల పెట్టుకుంటే బస్సు ఎట్ల నడుస్తది?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. నేను క్యాలెండరు చింపి పోగులు పెట్టాను. అన్నం తినలేదు. అమ్మ తిట్టి, నాయిన బతిమిలాడి, చివరికి నాయినమ్మ బియ్యప్పిండితో తపాలచెక్క కాల్చి ముక్క నోట్లో కుక్కితే తప్ప ఏడుపు ఆగలేదు.

ఆ ఏడుపు విని పిన్నిగారు తలుపు దగ్గరికి వచ్చింది. అప్పుడు తెలిసింది ఆమె పెళ్ళికి ముందు డ్రాయింగు లోయరూ, హయ్యరూ పరీక్షలు పాసైందని. బళ్ళో డ్రాయింగు టీచరు అవుదామనుకుంది. బాబాయిగారి బదిలీల వెంట తిరగడంతో కాలేదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే చీరల అంచుల మీద నెమళ్ళు వేసి ఇచ్చేది.

"పిల్లకి చెయ్యి తిరుగుతుందండీ," అంది అమ్మతో. "సెలవుల్లో నా దగ్గరికి పంపండి. లోయరు పరీక్షకి కూర్చోబెడదాం."

"గీతలు గీస్తే ఏమొస్తదమ్మా?" అంది అమ్మ. "ఎండాకాలం పొద్దు పోతది, గంతే." కానీ పంపింది.

పిన్నిగారు నేర్పే పద్ధతి నేననుకున్నట్టు లేదు. పీట మీద ఒక వంకాయ పెట్టేది. దాన్ని గీయాలి. అయ్యాక ఇంకో వంకాయ. తర్వాత చెంబు. చెంబు రెండు వైపులా సమానంగా రావాలి. రబ్బరు ముట్టుకుంటే వేళ్ళ మీద స్కేలుతో కొట్టేది.

"చెరపడం మొదలెడితే చెరుపుతూనే ఉంటావు. కొత్తగా గీయి."

"చేతులు ఎప్పుడు నేర్పుతరు పిన్నిగారూ?"

"ముందు చెంబు రానీయవే. చేతులంట, చేతులు!"

ఇట్లా ఎన్నాళ్ళో గడిచాయి. గీసిన వంకాయలతో నాయినమ్మ ఊరందరికీ కూర వండొచ్చు. మధ్యాహ్నాలు పిన్నిగారి ఇంట్లో ఆవకాయ జాడీ వాసన, టర్పెంటైను వాసన కలిసి తల తిరిగేది. ఆమె నన్ను గీయమని చెప్పి వంటింట్లోకి పోతే, నేను జాడీ మూత తీసి వేలు ముంచి నాకేదాన్ని. నాయినమ్మకు కూడా కాగితంలో చుట్టి ఒక బద్ద తెచ్చేదాన్ని. ఆమె పైకి, "గీ ఆంధ్రోల్ల తొక్కు కడుపుల మంట పెడతది," అనేది. ఆ బద్దను టెంక దాకా చీకేది.

ఒకరోజు చెంబు మూతి వంకర పోయింది. పిన్నిగారికి ఆ రోజు దేని మీద కోపమో, నా కాగితం లాగి తేదీ వేసింది.

"ఇది దాచుకో. పదేళ్ళ తర్వాత తీసి చూసుకో. అప్పుడు తెలుస్తుంది నీకు, ఎక్కడ మొదలెట్టావో."

అవమానంతో ఇంటికొచ్చాను. కానీ ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. పదేళ్ళ తర్వాతి నాకు అన్నీ వచ్చేసి ఉంటాయి. ఆమెను అడిగితే చాలు కదా! నాయిన పెట్టెలోంచి ఒక ఇన్‌లాండ్ కవరు తీశాను. చిరునామా దగ్గర నా పేరు, పక్కన "ఆర్టిస్టు" అని రాసి, మా ఇంటి నంబరే వేశాను. కింద ఎర్ర సిరాతో "పది సంవత్సరముల తరువాత ఇవ్వవలెను" అని రాసి గీత కొట్టాను. చౌరస్తాలో డబ్బాలో వేసి, అది అడుగున పడిన చప్పుడు విని, పదేళ్ళ పని అయిపోయినట్టు ఇంటికొచ్చాను.

అది రెండు రోజులకే వచ్చింది.

పోస్టుమ్యాన్ వచ్చే వేళకు నాయినమ్మ అరుగు మీద చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. ఊరి నుంచి వచ్చే ఉత్తరాలు ఆమెకు ఆయనే చదివి పెట్టేవాడు. అమ్మ బావి దగ్గర బట్టలు పిండుతోంది. పిన్నిగారు చేద వేసి నీళ్ళు తోడుతోంది. నేను గుమ్మంలో బఠానీలు తింటున్నాను.

"అవ్వా, గిది నీ మనుమరాలికే వచ్చింది," అన్నాడు పోస్టుమ్యాన్. "ఆర్టిస్టంట. పదేండ్లయినంక ఇయ్యాల్నంట. పోస్టాఫీసుల పదేండ్లు ఎవడు దాస్తడు పిల్లా?"

నేను దూకే లోపలే నాయినమ్మ, "ఎవలు రాసిండ్రయ్యా? సదువు సదువు," అంది. ఆయన కవరు విప్పాడు. బడిపిల్లాడు పాఠం చదివినట్టు గట్టిగా మొదలుపెట్టాడు.

"ప్రియమైన పెద్దయిన నాకు, నమస్కారములు. ఇచ్చట మేమందరము క్షేమము. అచ్చట నీవు క్షేమమని తలుస్తాను."

"నువ్వే రాసి నీకే పంపుకున్నవానే?" నాయినమ్మ నోరు తెరిచింది.

"నాకు ఇప్పటికి వంకాయలు వచ్చినవి. చెంబు సగము వచ్చినది. చేతులు రాలేదు. నీకు చేతులు గీయుట వచ్చినదా? వచ్చినచో ఎట్లు వచ్చినది? పిన్నిగారు చేతులు నేర్పుట లేదు. ఆమెకు కూడా రాదని నా అనుమానము. ఆమె గోడకు పెట్టిన లక్ష్మీదేవి బొమ్మలో నాలుగు చేతులకు నాలుగు తామరపూలు అడ్డము పెట్టినది. వేళ్ళు ఒక్కటి కూడా కనిపించవు. వెంటనే జవాబు రాయగలవు. ఇట్లు, నీవు."

పోస్టుమ్యాన్ నవ్వుతూ తలెత్తి, వాకిట్లో ఎవరూ నవ్వడం లేదని గమనించి, కవరు నాయినమ్మ ఒళ్ళో పెట్టి సైకిలెక్కాడు.

పిన్నిగారు చేద గిలక దగ్గరే పట్టుకుని నిలబడింది. నీళ్ళు తొణికి ఆమె పాదాల మీద పడుతున్నాయి. అమ్మ తడి చేత్తోనే నా చెవి పట్టుకుంది. పిన్నిగారు బిందె అక్కడే వదిలేసి లోపలికి పోయింది. తలుపు పడింది. ఇక వెనక వాటాకు నా రాకపోకలు అయిపోయాయనుకున్నాను. లోయరు పరీక్షా అయిపోయినట్టే.

సాయంత్రం అమ్మ తపాలచెక్క చేసి గిన్నెలో పెట్టి, "పోయి కాళ్ళ మీద పడు," అని నన్ను తోసింది. నేను తలుపు తట్టక ముందే అది తెరుచుకుంది. పిన్నిగారి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతిలో కొత్త కాగితాల దస్తా ఉంది. గిన్నె వైపు చూడను కూడా లేదు.

"ఎవరి చేతులు కావాలే నీకు?" అంది.

నేను గిన్నె ఇంకాస్త ముందుకు చాపాను.

"చేతులు చేతులు అని కదా ఊరంతా చాటింపు వేయించావు. ఎవరివి గీద్దాం? మీ నాయనమ్మ కూర్చుంటుందా?"

అట్లా మొదలైంది అసలు వేసవి. నాయినమ్మ అరుగు మీద చింతపండు ముందు కూర్చునేది. ఆమె ఎదుట నేనొక చాప మీద, పిన్నిగారొక పీట మీద. ఆమె నాకు నేర్పడం లేదు. ఆమె కూడా గీస్తోంది. నా కాగితం వైపు తొంగి చూడ్డం మానేసింది. నేను ఆమె కాగితం వైపు తొంగి చూసేదాన్ని. ఆమెవి నావాటి కంటే మేలు, కానీ చేతులు మాత్రం కాదు. చేతొడుగుల్లో ఇసుక నింపినట్టు ఉండేవి.

నాయినమ్మ చేతులు గీయడం ఎవరి తరమూ కాదేమో! కలుపు తీసీ, నాట్లు వేసీ కణుపులు లావెక్కాయి. కుడి చూపుడు వేలు చివర బయటికి వంగి ఉండేది. ఎడమ బొటనవేలి కింద కొడవలి తెగిన గాటు, దాని మీద చర్మం నున్నగా మెరిసేది. చింతపండు పులుపుకు వేళ్ళ చివర్లు నల్లబడి, ముడతలు పడి ఉండేవి. పైగా ఆమె కదలకుండా కూర్చునే మనిషి కాదు. ఈగ వాలితే తోలేది. మాట చెప్పాలంటే చెయ్యి తిప్పేది.

"కదలకు నాయినమ్మా!"

"కదలకుంటె పని ఎట్లయితదే? గీ చేతులల్ల ఏమున్నదని ఇద్దరు గట్ల జూస్తరు? పుట్టినప్పటిసంది మట్టిల పెట్టిన చేతులు. ఆ ఆంధ్ర పిల్ల చేతులు జూడు, మల్లెమొగ్గల లెక్కున్నయి. గవి గీసుకోరాదుండ్రి!"

"మల్లెమొగ్గలు ఎవరికి కావాలండీ," అనేది పిన్నిగారు పళ్ళు బిగించి. "కాస్త ఆ చెయ్యి అలాగే ఉంచండి. బొటనవేలు... అబ్బా, మళ్ళీ తిప్పేశారు!"

బాబాయిగారు ఆఫీసు నుంచి వచ్చేసరికి పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు. "పాపం ఆ ముసలావిడని పొద్దుటి నుంచీ కూర్చోబెట్టారా?" అని నొచ్చుకుని ఆయనే కాఫీ కలుపుకునేవాడు. మా అమ్మ పళ్ళెంలో కూర, రొట్టె పెట్టి ఆయనకు పంపేది. పంపుతూ, "గా పిల్ల మా పిల్లను చెడగొట్టిందో, మా పిల్ల ఆమెను చెడగొట్టిందో తెల్వదు," అనేది.

రోజు రోజుకూ మాకు కోపం పెరిగింది. మెరుగు మాత్రం కనపడలేదు. ఒకనాడు నాలుగు వేళ్ళు కుదిరి బొటనవేలు చెడేది. మర్నాడు బొటనవేలు కుదిరి, మిగతావి కట్టెల్లా నిలబడేవి. ఒక మధ్యాహ్నం పిన్నిగారు పెన్సిలు రెండు ముక్కలు చేసి వాకిట్లోకి విసిరేసింది. నాయినమ్మ లేచి, ఆ ముక్కలు ఏరి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"పెన్సిలేం జేసిందమ్మా? నేను కూసుంట గని గియ్యి. కదలను తియ్యి."

ఆ పూట ఆమె నిజంగానే కదల్లేదు. ఈగలు చేతి మీద నడుస్తున్నా ఊరుకుంది. అయినా మాకు రాలేదు. అంతకంటే ఉక్రోషం ఏముంటుంది? ఈగల మీద నెపం పెట్టడానికి కూడా లేకుండా పోయింది.

పరీక్ష మలక్‌పేటలో ఒక బళ్ళో. పిన్నిగారే బస్సులో తీసుకుపోయింది. దారంతా ఒకటే మాట. "తెలివి తక్కువ పనులు చేయకు. వచ్చిందే గీయి." వస్తువులు చూసి గీసే పేపరులో చెంబు వచ్చింది. బాగా గీశాను. చివరి పేపరు ఊహించి గీయడం. రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. కొబ్బరిచెట్లు, గుడిసె, నదిలో పడవ. లేదా బావిలో నీళ్ళు తోడుతున్న స్త్రీ.

పడవ నేను కళ్ళు మూసుకుని గీయగలను. నది, రెండు చెట్లు, సగం సూర్యుడు. హాలు నిండా పిల్లలు పడవలే గీస్తున్నారు. నేను ఆ బావి మాట వైపే చూస్తూ కూర్చున్నాను. తాడు మీద రెండు చేతులుండాలి, పైదొకటి, కిందదొకటి. కొంగు అడ్డం పెట్టడానికి వీల్లేదు. ఎవరి మీదనో తెలియని కోపం వచ్చింది. బావే గీశాను. గిలక బాగా వచ్చింది. చేద వచ్చింది. ఆడమనిషి నిలబడిన తీరు కూడా వచ్చింది. చేతుల దగ్గర గంట కొట్టేదాకా గుంజుకులాడాను. చివరికి తాడును రెండు వంకాయలు పట్టుకుని వేలాడుతున్నట్టు వచ్చింది.

బయట గేటు దగ్గర పిన్నిగారు కొంగుతో విసురుకుంటూ నిలబడి ఉంది. "ఏది గీశావు?"

చెప్పాను.

"నీకేమైనా మతి పోయిందా? పడవ గీస్తే పాసయ్యేదానివి కదే! ఎంత చెప్పాను బస్సులో!" రోడ్డు మీద పోయే వాళ్ళంతా చూస్తున్నారు. ఆమె ముఖం ఎర్రగా అయింది. నేను తల దించుకుని ఏడుస్తున్నాను. కాసేపటికి ఆమె గొంతు తగ్గించింది.

"వేళ్ళు తాడు మీదికి ఎలా మడిచావు? చూపించు."

అక్కడే రిక్షావాళ్ళ మధ్య నా పుస్తకాల సంచీ పట్టీని తాడులా పట్టుకుని చూపించాను. ఆమె దగ్గరికి వంగి చూసింది. "బొటనవేలు ఈ పక్క నుంచి రావాలి కదా," అంది. "నేనూ అదే తప్పు చేస్తున్నాను." ఇద్దరం పట్టీ పట్టుకుని చూస్తూ రెండు బస్సులు పోగొట్టుకున్నాం.

ఫలితం వర్షాకాలం ముగిసేటప్పుడు వచ్చింది. తప్పాను. "మల్ల రాయొచ్చు తియ్యి బిడ్డా," అన్నాడు నాయిన. అప్పటికే బాబాయిగారికి బదిలీ అయి, వాళ్ళు కృష్ణా నదికి ఆవలి ఊరికి వెళ్ళిపోయారు. లారీ ఎక్కే ముందు పిన్నిగారు నాకు నీతులేమీ చెప్పలేదు. నాయినమ్మ చేతులు రెండూ పట్టుకుని, తిప్పి తిప్పి చూసుకుంది. "మీరొక్కసారి నా దగ్గరికి రావాలండీ," అంది. "ఇంకా అవలేదు మన పని." నాయినమ్మ, "వస్త వస్త," అంది. ఆమె ఆ తర్వాత ఊరు దాటి ఎక్కడికీ పోలేదు.

వెనక వాటాలో వేరే వాళ్ళు దిగారు. నాకు తొమ్మిదో తరగతి లెక్కలు మొదలయ్యాయి. ఆ వేసవి కాగితాలన్నీ అటక మీద కట్టగా ఉండేవి. ఒక చలికాలం నీళ్ళ పొయ్యి అంటుకోకపోతే అమ్మ వాటిని ఒక్కొక్కటే వాడింది. నాకు తెలిసేసరికి కట్ట లేదు. "అన్ని చెడిపోయినయే కదనే? నువ్వే అంటివి చెడిపోయినయని," అంది అమ్మ. నిజమే, నేనే అన్నాను. ఆ వేన్నీళ్ళతో స్నానం చేసి బడికి పోయాను.

నాయినమ్మ పోయినప్పుడు గోడకు పెట్టడానికి ఫోటో వెతికితే, రేషను కార్డు కోసం తీసినది ఒక్కటే దొరికింది. భుజాల దాకే ఉంది. దాన్నే పెద్దది చేయించాం. దండ వేసి దీపం పెట్టినప్పుడల్లా ఆ ఫోటో కింది అంచు మీద నాకు కోపం వచ్చేది. ఆ అంచు కిందే కదా ఆమె అంతా ఉన్నది! చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. మళ్ళీ పెన్సిలు పట్టలేదు. ఎవరైనా బొమ్మలు వేస్తారా అంటే, చిన్నప్పుడు వేసేదాన్ని అనేదాన్ని. ఆ జవాబు చెప్పడం చాలా తేలిక.

మొన్న వానలప్పుడు అమ్మ ఫోన్ చేసి, పిన్నిగారు కంటి ఆపరేషనుకు ఎల్బీనగర్‌లో కొడుకు ఇంటికి వచ్చిందని చెప్పింది. అమ్మకూ ఆమెకూ పండగలకు పలకరింపులు ఎప్పుడూ తెగలేదు. నేను పళ్ళు తీసుకుని వెళ్ళాను. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని బాల్కనీలో కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది. గొంతు మాత్రం అదే.

"చేతులు వచ్చాయా నీకు?" అంది, కూర్చోమనక ముందే.

"నేను ఎప్పుడో మానేశాను పిన్నిగారూ. మీకు?"

"నాకెక్కడే?" పక్కనున్న సంచీలోంచి ఒక లావుపాటి డ్రాయింగు పుస్తకం తీసింది. "రోజూ కాఫీ అయ్యాక ఒక చెయ్యి. నా ఎడం చెయ్యే. ఇంకెవరు కూర్చుంటారు నా ముందు? మీ నాయనమ్మలా కూర్చునే మనిషి మళ్ళీ దొరకలేదు."

పేజీలు తిప్పాను. చేతులే చేతులు. కొన్ని బాగా దగ్గరికి వచ్చి తప్పాయి. ఒకదాంట్లో బొటనవేలు అచ్చంగా ఉంది, మణికట్టు పోయింది. కొన్నింటిని కొట్టేసి పక్కన "ఛీ" అని రాసుకుంది.

"ఇన్నాళ్ళూ కళ్ళు మసకగా ఉండి రావడం లేదేమో అనుకున్నా," అంది. "ఇప్పుడు ఆపరేషనయ్యాక బాగా కనపడుతోంది. తప్పులు ఇంకా బాగా కనపడుతున్నాయి. ఒళ్ళు మండిపోతోందనుకో."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మెట్రో స్టేషనుకు నడిచి వస్తుంటే నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. అసూయ అని ఇప్పుడంటాను. మా ఇద్దరికీ రాని విద్య ఒక్కటే. కానీ ఆమెకు రోజూ పొద్దున్నే చెడగొట్టుకోవడానికి ఒక చెయ్యి ఉంది. నాకు అది కూడా లేదు. ఆ వారమే ఈ మెట్లెక్కి పేరు రాయించుకున్నాను. మూడు నెలలుగా ఆపిల్ పళ్ళు, పూలకుండీలు, సూర్యాస్తమయాలు.

"మేడమ్, అయిపోయిందా?" నేర్పే అమ్మాయి కవర్లు పట్టుకుని నా ముందు నిలబడింది. అందరూ ఇచ్చేసినట్టున్నారు.

"నాకు ఉత్తరం వద్దమ్మా," అన్నాను. నా గొంతు నేననుకున్న దాని కంటే గట్టిగా వచ్చింది. "చేతులు గీయడం నేర్పు. వచ్చినప్పటి నుంచి పళ్ళు, పూలే అయితున్నయి. చేతులు ఎప్పుడు నేర్పుతవ్?"

ఆ అమ్మాయి బిత్తరపోయింది. చుట్టూ చూసి, నా పక్కకు వంగి మెల్లగా చెప్పింది.

"నిజం చెప్పాల్నంటే మేడమ్... చేతులు నాక్కూడా సరిగ రావు. అందుకే సిలబస్‌ల పెట్టలే."

గుంటూరు నుంచి వచ్చిన ఒక ఆడమనిషి ఈ మాట అనలేక తలుపేసుకుని ఏడ్చి, సాయంత్రానికి దస్తా కాగితాలతో బయటికొచ్చింది. ఆమె ధైర్యం ఎంతటిదో నాకు ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. అరుగు మీద ఈగలు వాలినా కదలని ముసలామె ఓర్పు కూడా అప్పుడే తెలిసింది. వాళ్ళిద్దరి మధ్య చాప మీద కూర్చుని నాకు రాలేదు, రాలేదు అని ఏడ్చిన పిల్లకు అంతకంటే మంచి కాలం మళ్ళీ రాలేదు.

"అట్లయితే కుర్చీ ఇటు లాక్కో," అన్నాను. "చెయ్యి బల్ల మీద పెట్టు. కదలకు."

"ఎంతసేపు మేడమ్?"

నేను అప్పటికే "ప్రియమైన" పక్కనే మొదలుపెట్టేశాను. ఆ పిల్ల వేళ్ళు సన్నగా, గోళ్ళ సందుల్లో నీలం రంగుతో ఉన్నాయి. నాలుగు వేళ్ళు ఒక మాదిరిగా కుదిరాయి. బొటనవేలు పక్కకు పోయింది. చెరిపాను. మళ్ళీ అటే పోయింది. కాగితం నలిగి, పొర లేచి, చివరికి బొక్క పడింది.

"ఇంకో కాగితం ఇయ్యమ్మా," అన్నాను.